‘నిటారుగా కూర్చో!’ అనే ముందు ఒక్క నిమిషం



“ఆ గూని ఏంట్రా? నిటారుగా కూర్చో!” పరీక్షల రోజుల్లో చాలా ఇళ్లలో వినిపించే మాటే ఇది. పిల్లలు రెండు నిమిషాలు సర్దుకుని కూర్చుంటారు, మళ్లీ వంగిపోతారు. అది మొండితనం కాదు. వీపు కండరాలకు అంతసేపు ఆపే బలం లేకపోవడమే చాలాసార్లు కారణం.

వీపు పైభాగంలో కొంత వంపు అందరికీ ఉంటుంది. సుమారు 20 నుంచి 45 డిగ్రీల వరకు అది సహజమే. అంతకు మించితే వైద్యులు ‘కైఫోసిస్’ అంటారు.

ఇంట్లో ఇలా చూడండి

బాబునైనా పాపనైనా బోర్లా పడుకుని, తల, ఛాతీ పైకి ఎత్తమనండి. పక్క నుంచి గమనించండి. వంపు పోయిందా, అలాగే ఉందా?

వంపు పోతే

ఇది చాలావరకు అలవాటు వల్ల వచ్చినదే. ఎముకల్లో లోపం ఉండదు, బెల్టులు అక్కర్లేదు.

• పుస్తకం, స్క్రీన్ కళ్లకు దగ్గరి ఎత్తులో ఉండాలి. పాదాలు నేలకు ఆనాలి.
• అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి.
• రోజూ పది నిమిషాలు భుజంగాసనం, గోడకు వీపు ఆనించి చేతులు పైకీ కిందికీ కదిలించడం వంటివి చేయించండి. ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది.
• బ్యాగు బరువు పిల్లల బరువులో 10 శాతం దాటకూడదని 2020 జాతీయ స్కూల్ బ్యాగ్ పాలసీ చెబుతోంది. 35 కిలోల పిల్లలకు మూడున్నర కిలోలే.

వంపు పోకపోతే

ఎముకల డాక్టరుకు చూపించండి. ‘షూర్మన్ కైఫోసిస్’లో వెన్నుపూసల ముందు భాగం సరిగా పెరగక, అవి చీలికల్లా మారతాయి. ఎక్స్‌రేలో ఇది తెలుస్తుంది. అవసరమైతే బ్రేస్ వేస్తారు. అయితే ఎముకలు ఇంకా పెరుగుతున్న వయసులోనే అది పనిచేస్తుంది. “పెద్దయ్యాక అదే సర్దుకుంటుందిలే” అని ఆగితే ఆ సమయం దాటిపోతుంది. శస్త్రచికిత్స అవసరమయ్యేది కొద్దిమందికే.

వీపు ఒకేచోట మొనదేలినా, రాత్రి నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, కాళ్లలో బలహీనత ఉన్నా అసలు ఆలస్యం చేయకండి. వెన్నెముక టీబీ కూడా ఇలాగే మొదలుకావచ్చు.

చివరగా ఒక మాట. తోటివారికంటే ఎత్తు పెరిగిన పిల్లలు, ఎదిగే వయసు ఆడపిల్లలు బిడియంతోనూ భుజాలు ముడుచుకుంటారు. నలుగురిలో ‘గూని’ అంటే ఇంకా ముడుచుకుపోతారు. ఈ ఆదివారం కోప్పడకుండా, ఒక్క నిమిషం పక్కన కూర్చుని చూడండి.