బొచ్చె పిల్లకు రెండేళ్లు కావాలి



ఈ నెల మీ పిల్లలు సైన్స్ క్లాసులో జలాశయాలు, వాటి మీద ఆధారపడి బతికే జీవుల గురించి చదువుతున్నారు. దీనికి మనకు దగ్గర్లోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. అది సోమశిల. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ పక్కన, కృష్ణ ఒడ్డున ఉంటుంది. బోటు షికారుకు మీలో చాలామంది వెళ్లే ఉంటారు. ఈసారి వెళ్తే, బోటు దిగాక ఒడ్డున ఆరేసిన వలలను కూడా పిల్లలకు చూపించండి.

అక్కడ కనిపించే నీరు సహజమైన చెరువు కాదు, శ్రీశైలం డ్యామ్ వెనుక నిలిచిన కృష్ణ. 1980ల మొదట్లో ఆ నీరు నిలిచినప్పుడు వందకు పైగా ఊళ్లు మునిగాయి. సోమశిల గుడిని విప్పి ఎత్తైన చోట మళ్లీ కట్టారు. భూములు పోయిన ఊళ్ల పక్కన చేపల వేట బతుకుతెరువయింది.

డ్యామ్ నిండు మట్టం 885 అడుగులు. ఎండాకాలం నీరు తగ్గితే అవతలి ఒడ్డున సంగమేశ్వరాలయం బయటపడుతుంది, భక్తులు వెళ్తారు. జాలరికి మాత్రం అదే కష్టకాలం. ఒడ్డు దూరమై, బురదలో పుట్టి లాక్కుంటూ వెళ్లాలి. నీరు కుంచించుకుపోయి చేపలన్నీ ఒకచోట చేరతాయి కాబట్టి పట్టడం సులువు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

బొచ్చె, రవ్వ లాంటి చేపలు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వానాకాలంలో వరద పారుతుంటేనే పెడతాయి. చెరువుల్లో ఏటా చేప పిల్లలను కొత్తగా వదలాల్సి రావడానికి కారణం ఇదే. 1957లో హీరాలాల్ చౌధురి హార్మోన్ ఇంజెక్షన్‌తో ఈ చేపల చేత గుడ్లు పెట్టించారు. ఏటా జూలై 10న జాతీయ చేపల రైతుల దినోత్సవం జరిపేది దానికి గుర్తుగానే. కృష్ణ వరద ముందు కర్ణాటకలో ఆలమట్టి నిండి, ఆపై జూరాల దాటి ఇక్కడికి రావాలి. 2023లో అది సరిగా రాక శ్రీశైలం నిండనే లేదు. వానలు ఇలా తప్పే ఏడాది కొత్త పిల్లలు తక్కువ, ఉన్నవాటిని కాపాడుకోవడం ఎక్కువ అవసరం. బొచ్చె మొదటిసారి గుడ్లు పెట్టడానికి సాధారణంగా రెండేళ్లు పడుతుంది.

సరిగ్గా అప్పుడే అలివి వల దిగుతుంది. దోమతెరలా సన్నటి కళ్లున్న వల ఇది. ప్రభుత్వం నిషేధించింది, అయినా కృష్ణ బ్యాక్‌వాటర్‌లో అలివి వేటపై ఫిర్యాదులు ఆగడం లేదు. వేలంత పిల్లలు కూడా అందులో పడతాయి. వాటిని ఎండబెట్టి అమ్ముతారు. వేసేవాళ్లందరూ దుర్మార్గులని పిల్లలకు చెప్పకండి. వలకు, పుట్టికి అప్పు తెచ్చినవాడికి రెండేళ్లు ఆగడం తేలిక కాదు. పెద్ద కళ్ల వలతో న్యాయంగా వేటాడే పక్క ఊరి జాలరి ఖాళీ వలతో ఇంటికి వస్తాడన్నది కూడా అంతే నిజం.

ఇంట్లో పిల్లలతో ఈ లెక్క చేయించండి. పది గ్రాముల పిల్లలు వంద పట్టామనుకుందాం. తూస్తే కిలో. ఎండితే ఇంకా తగ్గుతుంది. వాటిని వదిలేస్తే వందలో ముప్పై మాత్రమే బతికి, ఒక్కోటి కిలో అయిందనుకుందాం. ఎన్ని కిలోలు? ఈ ముప్పై అనేది మన ఊహ. పిల్లలు దాన్ని పదికి, ఐదుకు తగ్గించి చూడనివ్వండి. ఎక్కడి వరకు ఆగడం లాభమో వాళ్లే కనుక్కుంటారు.

రెండో పని వంటగదిలో. ఒక గిన్నెలో శనగలు, ఆవాలు కలపండి. ఉల్లిగడ్డలు వచ్చే జాలి సంచిలో ఒకసారి, దోమతెర ముక్కలో ఒకసారి పోసి జల్లించమనండి. ఏది దేనిలో మిగిలిందో నోట్‌బుక్‌లో రాయాలి.

మన రాష్ట్ర చేప కొర్రమీను సంగతి వేరు. అది నిలవ నీటిలోనే, ఒడ్డున గడ్డి మధ్య గుడ్లు పెడుతుంది. ఎర్రటి పిల్లలు గుంపుగా నీటి పైకి తేలితే, కింద తల్లీతండ్రీ కాపలా తిరుగుతుంటాయి. ఆ సమయంలో పెద్దవాటిని పట్టేస్తే పిల్లలు మిగతా చేపలకు ఆహారమైపోతాయి. మన ఊళ్లలో పెరిగిన తాతయ్యలు, నానమ్మలు ఈ ఎర్ర గుంపును చూసే ఉంటారు. పిల్లల్ని వాళ్ల దగ్గర కూర్చోబెట్టి అడగమనండి: ఏ చెరువులో చూశారు, ఏ నెలలో, ఇప్పుడు ఆ చెరువు ఎలా ఉంది?

ఆ జవాబులు, లెక్క, జల్లెడ ఫలితం ఒకే చార్ట్‌పై రాసి వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు తీసుకురావాలి. దోమతెర చిరిగినదే వాడండి, కొత్తది కోయనివ్వకండి.