కొలతయు నుపపత్తియు

త్రిభుజములోని మూడు కోణములను గొలిచి కూడుమనగా, మా విద్యార్థులలో నొకనికి 179 డిగ్రీలు, మఱొకనికి 181 వచ్చును. నూఱు త్రిభుజములను గొలిచినను నూటయొకటవదానిని గూర్చి కొలత పలుకజాలదు.

క్రీ. పూ. 300 ప్రాంతమున గ్రీకు పండితుడు యూక్లిడ్ కొలబద్ద లేకయే దీనిని నిరూపించెను. కఖగ త్రిభుజమున ఖగ భుజమును ఘ వఱకు పొడిగించి, గ నుండి ఖక భుజమునకు సమాంతరరేఖ గీయుడు. అది వెలుపలి కోణమును రెండుగా విభజించును. ఒకటి ఏకాంతరమగుటచే క కోణమునకును, రెండవది అనురూపమగుటచే ఖ కోణమునకును సమానము. గ కోణముతో గూడి మూడును సరళరేఖపై నిలుచుటచే మొత్తము రెండు సమకోణములు. త్రిభుజ మెట్టిదైనను ఈ వాదము చెల్లును.

మన గోదావరిఖని బొగ్గుగనులలో సర్వేయరు పనికి నిదియే యాధారము. భూగర్భమున నాలుగు మూలలు చుట్టి బయలుదేరిన చోటికే వచ్చినచో, లోపలి కోణముల మొత్తము నాలుగు సమకోణములు కావలయును. ఏలన చతుర్భుజము రెండు త్రిభుజములే. తేడా వచ్చినచో తప్పు కొలతదే కాని సిద్ధాంతముది కాదు. పాతగనులలో నిలిచిన నీరెంత దూరమున నున్నదో తెలుపునది సర్వేయరు పటమే. గనిలోనికి నీరు చొరబడిన నేమగునో, 2003 జూన్ 16వ తేదీన 17 మంది కార్మికుల మరణముచే మన యూరెఱుగును.

కావున బాలబాలికలారా, ఉపపత్తిని వల్లెవేయక, ప్రతి పంక్తియొద్దను "ఏల?" యని యడుగుడు.