పేకముక్కంత కంప్యూటర్ మీద లినక్స్ – నేను నేర్చుకున్నది, పోగొట్టుకున్నది

ఈసారి గోడపత్రికలో సైన్సు పేజీ నా వంతు వచ్చింది. పుస్తకంలోంచి ఎత్తి రాయకుండా, నేను కళ్ళారా చూసింది, చేత్తో చేసింది రాస్తున్నాను. ఓపికగా చివరిదాకా చదవండి. చివర్లో ప్రశ్నలున్నాయి.

2024 సంక్రాంతి సెలవులకు నరసాపురంలో మా బాబాయి దగ్గరికి వెళ్ళాను. బాబాయి అక్కడ టీవీలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. నేను వెళ్ళేసరికి బల్ల మీద ఒక పచ్చటి బోర్డు ఉంది. "ఇది ఏ టీవీలోది బాబాయ్?" అంటే నవ్వి, "టీవీలోది కాదురా, ఇదే మొత్తం కంప్యూటర్" అన్నాడు. పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56. పేకముక్కంత!

ఇది ఏమిటి?

ప్రాసెసర్, మెమరీ, వైర్లు పెట్టుకునే రంధ్రాలు అన్నీ ఒకే పలక మీద ఉంటే దాన్ని సింగిల్ బోర్డ్ కంప్యూటర్ అంటారు. మేం చూసినదాని పేరు రాస్ప్‌బెర్రీ పై. పిల్లలు చవగ్గా ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కొందరు కలిసి తయారుచేశారు. మొదటిది 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చింది. ధర 35 డాలర్లు. బాబాయి కొన్నది 5వ తరానిది, 2023 అక్టోబరులో అమ్మకం మొదలైంది. మొదటిదాంట్లో 700 మెగాహెర్ట్‌జ్ వేగంతో నడిచే ఒక్క కోర్ ఉండేది. దీంట్లో 2,400 మెగాహెర్ట్‌జ్‌వి నాలుగు.

ఇంత ఉన్నా ఆపరేటింగ్ సిస్టమ్ లేకపోతే అది వట్టి పలకే. దీనికి లినక్స్ వాడతారు. 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దాన్ని మొదలుపెట్టాడు. ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వొచ్చు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ వాళ్ళు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చేశారు.

కావలసిన వస్తువులు

బోర్డు, 32 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు, అడాప్టర్, మైక్రో హెచ్‌డీఎంఐ వైరు, టీవీ, కీబోర్డు, మౌస్, బోర్డు వేడెక్కకుండా చిన్న ఫ్యాను.

మొదటి తప్పు – పాత కార్డు

బాబాయి దగ్గర 2016 నాటి 3వ తరం బోర్డు కూడా ఉంది. దాని కార్డు తీసి కొత్తదాంట్లో పెట్టాం. లినక్స్ రాలేదు. ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌లో కొత్త బోర్డుకు తగిన ఏర్పాటు లేదు, డివైస్ ట్రీ ఫైలు దొరకలేదు అని తెర మీద ఇంగ్లీషులో వచ్చింది.

డివైస్ ట్రీ అంటే ఏమిటో బాబాయి చెప్పింది నా మాటల్లో చెబుతాను. మన హాస్టలుకు కొత్త వార్డెన్ గారు వచ్చారనుకోండి. ఏ గదిలో ఎంతమంది, స్టోరు ఎక్కడ, మోటారు స్విచ్ ఎక్కడ అని ముందు రిజిస్టరు చూస్తారు. అలాగే ఏ భాగం ఎక్కడుందో లినక్స్‌కు చెప్పే రిజిస్టరు డివైస్ ట్రీ. వేరే హాస్టలు రిజిస్టరు ఇస్తే పని జరుగుతుందా? అందుకే కొత్త బోర్డు వస్తే దాన్ని ఎరిగిన కొత్త లినక్స్ కావాలి. ఇమేజర్ అనే ప్రోగ్రాంతో కొత్తది కార్డులోకి రాశాం. ఈసారి తెర వెలిగింది!

రెండో తప్పు – ఫోను చార్జరు

తెర వెలిగింది గానీ కరెంటు చాలడం లేదని హెచ్చరిక వచ్చింది. మనం చదువుకున్న సూత్రమే: వాట్లు = వోల్టులు × ఆంపియర్లు. మేం పెట్టిన ఫోను చార్జరు 5 × 2 = 10 వాట్లు. ఈ బోర్డు పూర్తిగా పనిచేయాలంటే 5 × 5 = 25 వాట్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. తక్కువైతే యూఎస్‌బీలకు ఇచ్చే కరెంటు తగ్గించేస్తుంది. మర్నాడు సరైన అడాప్టర్ తెచ్చాం.

తర్వాత తెలుగు ఫాంట్లు దించుకుని, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకున్నాం. అందులో అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. రెండు రోజుల్లో చేతికి వచ్చేసింది.

మూడో తప్పు – ఇది నాదే

మాది బుట్టాయగూడెం వైపు. ఇంట్లో అమ్మమ్మ కోయ మాట్లాడుతుంది. నాకు అర్థమవుతుంది గానీ అన్నీ పలకడం రాదు. సెలవులకు ముందు ఆవిడ దగ్గర కూర్చుని చెట్ల పేర్లు, చేపల పేర్లు, దుంపల పేర్లు అడిగి చీటీల మీద రాసుకున్నాను. నరసాపురంలో వాటిని తెలుగు లిపిలో టైపు చేశాను. మొత్తం 140 మాటలు. కంప్యూటర్లోకి ఎక్కాయి కదా అని చీటీలు పారేశాను.

వచ్చేసే రోజు బస్సు టైమైంది. ఆఖరి మాట కొట్టి, సేవ్ చేసి, ప్లగ్గు లాగేశాను. తర్వాత ఆ కార్డు తెరుచుకోలేదు. బాబాయి తిట్టలేదు. "స్విచ్ కట్టెయ్యడం వేరు, షట్‌డౌన్ చెయ్యడం వేరురా" అన్నాడంతే.

కారణం ఇది. లినక్స్ మనం సేవ్ చేసిందాన్ని వెంటనే కార్డు మీద రాయదు. ముందు మెమరీలో ఉంచుకుని, కాసేపాగి రాస్తుంది. హాజరు ముందు చీటీ మీద వేసుకుని తర్వాత రిజిస్టరులోకి ఎక్కించినట్టు. ఎక్కిస్తుండగా రిజిస్టరు లాక్కుంటే ఆ పేజీయే కాదు, పాత పేజీలూ చిరగొచ్చు. షట్‌డౌన్ చేస్తే మొత్తం రాసి, పుస్తకం మూసి, అప్పుడు ఆగుతుంది. ఈ 5వ తరం బోర్డుకు అందుకోసం బటన్ కూడా ఉంది. నేనే వాడలేదు.

వేసవి సెలవుల్లో అమ్మమ్మను మళ్ళీ అడిగాను. విసుక్కోకుండా చెప్పింది. కానీ 112 మాటలే తిరిగి వచ్చాయి. మిగతావి ఆవిడకే తట్టలేదు. "అప్పుడు చెప్పాను కదా, నువ్వే దాచుకోవాలి" అంది. బోర్డు పాడైతే ఇంకోటి కొనొచ్చు. ఆ 28 మాటలు ఏ కొట్లో దొరుకుతాయి?

గుర్తుంచుకోవలసినవి

1. కొత్త బోర్డుకు కొత్త లినక్స్ వెయ్యాలి.
2. వాట్లు లెక్క చూసి అడాప్టర్ కొనాలి.
3. షట్‌డౌన్ అయ్యాకే ప్లగ్గు తియ్యాలి.
4. ముఖ్యమైనది రెండు చోట్ల దాచాలి. అందులో ఒకటి కాగితమైనా సరే.

మిత్రులకు ఒక మనవి. మనలో కోయవాళ్ళం, కొండరెడ్లం ఉన్నాం. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు తలా పది మాటలు రాసుకు రండి. వార్డెన్ గారు దయచేసి ఇలాంటి బోర్డు ఒకటి తెప్పిస్తే, మన టీవీకే తగిలించి అందరి మాటలూ ఎక్కిద్దాం. ప్లగ్గు దగ్గర నేనే కాపలా ఉంటాను.

ప్రశ్నలు (జవాబులు వచ్చే సంచికలో)

1. డివైస్ ట్రీ చేసే పని ఏమిటి?
2. 5 వోల్టుల, 3 ఆంపియర్ల అడాప్టర్ ఎన్ని వాట్లు ఇస్తుంది?
3. సేవ్ చేసినా నా ఫైలు ఎందుకు పోయింది?

ఇట్లు,
మీ 10వ తరగతి మిత్రుడు