కారు తలుపు

విశాఖపట్టణమునకు ఉత్తరమున, జాతీయ రహదారిపై మధురవాడ కలదు. అచ్చట క్రొత్త రకపు అద్దెకారెక్కిన వృద్ధురాలు దిగునపుడు తలుపంతయు తడవి చూచును; పిడి కనబడదు. అట్టి కార్లలో పిడికి బదులు మీట యుండును. దానిని నొక్కగా చిన్న మోటారు విద్యుత్తుచే తిరిగి గడియను విడిపించును.

విద్యుత్తు లేనిచో మీట పనిచేయదు. అందులకై చేతితో లాగెడి గడియ వేరుగా నమర్చెదరు. 2017లో వెలువడిన టెస్లా మోడల్ 3 కారునందు అది ముందు తలుపులకే యుండెను. వెనుక తలుపునకు పిల్లల తాళము వేసినచో లోపలినుండి తెరచుకొనదు, వెలుపలివారే తెరువవలెను.

2025 మే నెలలో విజయనగరము చెంత ద్వారపూడిలో నలుగురు చిన్నారులు ఆగియున్న కారులో చిక్కుకొని ఊపిరాడక మరణించిరి. ఎండలో మూసియుంచిన కారు కొలది నిమిషములలోనే కొలిమివలె వేడెక్కును. అందు చిక్కినవారు హారను మ్రోగించవలెను. పెక్కు కార్లలో ఇంజను ఆగియున్నను అది మ్రోగును.

కావున డ్రైవరు బయలుదేరుటకు మున్నే మీటను, గడియను చూపి, ప్రయాణికునిచేతనే ఒకమారు తలుపు తెరిపించవలెను. తడబడువారిని కసరరాదు. తెలియనిచో అడుగుటకు ప్రయాణికుడును సిగ్గుపడరాదు.