పేరొకటి, తావులు పెక్కు

గత సంవత్సరము మా తరగతి విద్యార్థి యొకడు తన తాతగారి పెట్ స్కాను చిత్రమును మాకు చూపెను. ఆ పెద్దాయనకు ప్రోస్టేటు గ్రంథియందు క్యాన్సరు. ఈ గ్రంథి మగవారికి మూత్రాశయము క్రింద, పెద్ద యుసిరికాయంత యుండును. కాని చిత్రములో చెవుల క్రిందను, దవడల క్రిందను, కన్నుల చెంతను, రెండు మూత్రపిండములయందును కాంతి మెండుగా నుండెను. “అయ్యగారూ, రోగము ఒడలంతయు ప్రాకినదా?” అని బాలుడడిగెను. ఆ రాత్రి వారియింట నెవరును భోజనము చేయలేదట. మరునాడు వైద్యులు చిత్రమును చూచి, ఆ వెలుగులు రోగము కాదని చెప్పిరి. అదెట్లో తెలిసికొందము.

ఇట్టి స్కానునకు ముందు, గాలియము-68 వంటి కిరణపదార్థమును ఒక చిన్న అణువునకు తగిల్చి నరములోనికి ఎక్కింతురు. ఆ అణువు పి.ఎస్.ఎం.ఏ. అను ప్రొటీనును పట్టుకొనును. ప్రోస్టేటుకే ప్రత్యేకమైన, కణపు పొరయందలి గురుతు అని యా యక్షరముల భావము. 1987వ సంవత్సరమున ప్రోస్టేటు క్యాన్సరు కణములయందు దీనిని కనుగొనిరి. 750 అమైనో ఆమ్లముల గొలుసులో 707 కణమునకు వెలుపలనే యుండును గనుక మందు దానిని సులభముగా నంటుకొనును. రక్తపరీక్షలో కొలుచు పి.ఎస్.ఏ. వేరు, రెంటిని కలిపివేయరాదు.

“ప్రత్యేకమైన” యనుట మాత్రము తొందరపాటే. మొదట నచటనే చూచినవారు అట్లు పేరిడిరి, వారిని నిందింపము. ఆకుకూరలలోని ఫోలేటునకు గ్లూటమేటు ముక్కల తోక యొకటి యుండును. ఆ తోకతో అది ప్రేగు గోడను దాటజాలదు. చిన్నప్రేగు మొదటి భాగమున నీ ప్రొటీనే కత్తెరయై తోకను ముక్కముక్కగా కత్తిరించును. తోటకూర తిన్న బాలికలయందును ఈ పని జరుగుచునే యున్నది. వారికి ప్రోస్టేటే లేదు గదా! (ఫోలిక్ ఆమ్లమును 1940 తరువాతి యేండ్లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందమును నడిపినది భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే.)

మెదడులో నిదే ప్రొటీను మరియొక పదార్థమునుండి గ్లూటమేటును విడదీయును. మూత్రపిండముల సన్నని నాళికలయందును ఇది మెండు. లాలాజల గ్రంథులలో కొంత గలదు. అయినను అచటి వెలుగంతయు దీనివలననే కలుగదని పరిశోధకులు కనుగొనిరి. ఇతరములైన పెక్కు క్యాన్సరు గడ్డలలో క్రొత్తగా మొలచు రక్తనాళములయందును ఇది కానవచ్చును.

కావున వైద్యులు వెలుగును చూచిన తోడనే రోగమని యనరు. చెంపలు, మూత్రపిండములు వెలిగిన సహజము. ఎముకలలోనో లసికా గ్రంథులలోనో వెలిగిన ననుమానము. వెన్నెముక ప్రక్కనుండు నరముల ముడులు కొన్ని వెలిగి, లసికా గ్రంథులవలె భ్రమ గొల్పును. అచట ననుభవమే యక్కరకు వచ్చును.

ఇదే గురుతును పట్టుకొని లుటీషియము-177 కిరణములతో రోగకణములను చంపు మందునకు 2022లో అమెరికాలో అనుమతి లభించెను. ఆ మందు లాలాజల గ్రంథులలోను చేరును గనుక పలువురు రోగులకు నోరెండిపోవును. ఆ బాలుని తాతగారును ఈ చికిత్సనే పొందిరి. ఇప్పుడు మంచము ప్రక్కను మరచెంబు నుంచుకొని, గంటకొకసారి గ్రుక్కెడు నీరు త్రాగుచున్నారట.