పాటను వెదకే పద్ధతి

మారిషస్‌లోని మన తెలుగువారి ఇండ్లలో చాలా పాటలు చెవి ద్వారానే వచ్చాయి. అమ్మమ్మ పాడింది, అమ్మ విని నేర్చుకొన్నది. అందువల్ల పాట మనకు తెలుసు గాని, దానిని ఇంగ్లీషు అక్షరాలలో ఎలా వ్రాస్తారో తెలియదు. గ్రంథాలయంలోని కంప్యూటరు "లేదు" అనగానే ఆ పాట ఏ పుస్తకంలోనూ లేదని అనుకోరాదు. మన మాట వేరు, వారి మాట వేరు కావచ్చు.

వెదకడానికి రెండు సాధనాలున్నాయి.

మొదటిది కీలకపదం. ఇది మనం ఎన్నుకొనే మాట. కంప్యూటరు సాధారణంగా ఆ అక్షరాలున్న చోటునే చూపుతుంది. త్యాగరాజస్వామి (1767–1847) పేరును కొందరు టి, వై అక్షరాలతో మొదలుపెడతారు. తమిళనాడులో టి, హెచ్, వై అని వ్రాయడం అలవాటు. 'పంచరత్నం'లోని 'చ'కు కొన్ని పట్టికలలో సి మాత్రమే ఉంటుంది. కొన్నింటిలో సి, హెచ్ ఉంటాయి. ఒక విధంగా దొరకకపోతే మరొక విధంగా వ్రాసి చూడాలి. రాగం పేరు, వాద్యం పేరు కూడా ఉపయోగపడతాయి.

రెండవది విషయ శీర్షిక. ఇది గ్రంథాలయంవారు నిర్ణయించిన మాట. పుస్తకాల పేర్లు ఏవైనా, విషయం ఒకటే అయితే శీర్షిక ఒకటే. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తయారుచేసిన శీర్షికలను అనేక దేశాలలో వాడుతున్నారు. వాటిలో మన పాటలకు "సాంగ్స్, తెలుగు" అని ఉంటుంది. భాష పేరు వెనుక వస్తుంది. "వయొలిన్" అంటే ఆ వాద్యాన్ని గురించిన పుస్తకం. "వయొలిన్ మ్యూజిక్" అంటే దానిపై వాయించే సంగీతం. ఒక్క మాటతో దారి మారిపోతుంది.

శీర్షిక తెలియకపోతే ఏం చేయాలి? ముందు కీలకపదంతో వెదకండి. తగిన పుస్తకం ఒక్కటి దొరికినా చాలు. దాని వివరాల క్రింద విషయ శీర్షికలుంటాయి. ఆ శీర్షికతో మళ్ళీ వెదకండి. మీకు పేరైనా తెలియని పుస్తకాలు, రికార్డులు కనబడతాయి.

అభ్యాసం

1. కీలకపదానికి, విషయ శీర్షికకు భేదమేమి?
2. "వయొలిన్", "వయొలిన్ మ్యూజిక్" అనే శీర్షికలలో మీకు స్వరాల పుస్తకం కావాలంటే దేనిని ఎన్నుకొంటారు?
3. మీ ఇంటిలో పెద్దలు పాడే పాటను ఒకదానిని అడిగి తెలుసుకోండి. దాని మొదటి మాటను ఇంగ్లీషు అక్షరాలలో మూడు విధాలుగా వ్రాసి, గ్రంథాలయంలో వెదకండి.