పరుగుపందెం ఫలితాన్ని చదవడం ఎట్లా?

పరీక్షా ఫలితాలు వెలువడిన నాడు ఏ విద్యార్థీ మొత్తం మార్కులు మాత్రమే చూసి ఊరుకోడు. ఏ పాఠ్యాంశంలో ఎన్ని వచ్చాయో, ఎక్కడ తగ్గాయో విడివిడిగా పరిశీలిస్తాడు. గణితంలో వెనుకబడినవాడు చరిత్ర పుస్తకాన్ని మరి రెండుమార్లు వల్లించినందువల్ల ప్రయోజనం లేదని అతనికి తెలుసు. ఈపాటి వివేకం క్రీడారంగంలో మాత్రం మనకు తరచుగా కనిపించదు. పందెం ముగియగానే ఎవరు ప్రథములో, ఎవరు ద్వితీయులో ప్రకటిస్తారు. గెలిచినవానిని అభినందిస్తారు. ఓడినవానితో “ఇంకా కష్టపడాలి” అంటారు. ఏ విషయంలో, ఎంత, ఏ విధంగా కష్టపడాలో చెప్పేవారు అరుదు.

మన మైదానాలలో వినిపించే తీర్పు మరొకటి ఉంది: “వాడికి దమ్ము లేదు.” ‘దమ్ము’ అనే మాట పారశీకం నుండి ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చింది. దాని మూలార్థం ఊపిరి. మన వాడుకలో అది ధైర్యానికి, సత్తాకు కూడా పేరైంది. ఊపిరి చాలని క్రీడాకారుణ్ణి గుండెదిటవు లేనివాడుగా లెక్కగట్టే పొరపాటుకు ఈ ఒక్క మాటలోనే చోటున్నది. చివరి నూరు మీటర్లలో కాళ్ళు తడబడిన బాలుడు పిరికివాడు కానక్కరలేదు. తన శక్తిని మొదటి నూరు మీటర్లలోనే ఖర్చు చేసినవాడు కావచ్చు. ఈ రెండింటికీ గల భేదాన్ని తెలుసుకొనడానికే పందెపు ఫలితాన్ని విశ్లేషించాలి.

సెకనులో నూరవ వంతు

భారతదేశ క్రీడాచరిత్రలో ఎన్నటికీ మరపురాని అంకె ఒకటి ఉంది: 55.42 సెకన్లు. 1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు 400 మీటర్ల హర్డిల్స్ పరుగును తొలిసారిగా ప్రవేశపెట్టారు. మొరాకోకు చెందిన నవాల్ ఎల్ మౌతవాకెల్ 54.61 సెకన్లలో గమ్యం చేరి, ఒలింపిక్ స్వర్ణం సాధించిన మొదటి అరబ్బు మహిళగా కీర్తి గడించింది. అమెరికాకు చెందిన జూడీ బ్రౌన్ 55.20 సెకన్లతో ద్వితీయ స్థానం పొందింది. రుమేనియాకు చెందిన క్రిస్టియానా కొజొకారు 55.41, మన పి. టి. ఉష 55.42. కాంస్య పతకానికీ రిక్తహస్తానికీ మధ్య దూరం సెకనులో నూరవ వంతు!

ఈ అంకెను తలచుకొని నిట్టూర్చడం సులభం. దీనిని చదవడమే కష్టం. 400 మీటర్లను 55.42 చేత భాగిస్తే సగటు వేగం సెకనుకు సుమారు 7.2 మీటర్లు. కాబట్టి నూరవ వంతు సెకను అంటే నేల మీద ఏడు సెంటీమీటర్లు. గమ్యరేఖ వద్ద ఛాతీని సకాలంలో ముందుకు వంచితే అంతటి దూరం కలిసిరావచ్చు. అయితే ఆ ఏడు సెంటీమీటర్లు గమ్యరేఖ దగ్గరనే పోయినవని ఎందుకు అనుకోవాలి? ఈ పందెంలో మొదటి హర్డిల్‌కు ముందు 45 మీటర్లు, హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య 35 మీటర్లు, చివరి హర్డిల్ తరువాత 40 మీటర్ల దూరం ఉంటుంది. మొత్తం హర్డిల్స్ పది. ఒక్కొక్క దాని వద్ద సెకనులో వెయ్యవ వంతు పోగొట్టుకున్నా లెక్క సరిపోతుంది. కంటికి కనబడే లోపం చివర ఉండవచ్చు, కనబడని లోపం పది చోట్ల పరచుకొని ఉండవచ్చు.

ఇక స్వర్ణానికి గల దూరం 0.81 సెకను. పది హర్డిల్స్‌కు పంచితే ఒక్కొక్క దానికి 0.08. ఈ దూరం గమ్యరేఖ వద్ద వంగడం వల్ల తీరేది కాదు. దానికి అడుగుల లెక్క, హర్డిల్ దాటే ఒడుపు, సాదా 400 మీటర్ల వేగం అన్నీ మెరుగుపడాలి. అంటే కాంస్యానికి చాలే చికిత్స వేరు, స్వర్ణానికి కావలసిన చికిత్స వేరు. లోటు ఎంతో తెలియనిదే సాధన ఏమిటో నిర్ణయించరాదు.

ఉష ఆ ఓటమి దగ్గర ఆగిపోలేదు. 1985లో జకార్తాలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీలలో ఐదు స్వర్ణాలు, 1986 సియోల్ ఆసియా క్రీడలలో నాలుగు స్వర్ణాలు గెలుచుకున్నది. ఆ 55.42 సెకన్ల జాతీయ రికార్డును 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలలో విత్యా రామ్‌రాజ్ సరిగ్గా అదే కాలంతో సమం చేసేవరకు ముప్పది తొమ్మిదేండ్లపాటు మన దేశంలో ఎవరూ అందుకోలేకపోయారు.

పందాన్ని ముక్కలు చేయడం

విశ్లేషణకు మొదటి మెట్టు విభజన. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లను 9.58 సెకన్లలో పరుగెత్తినప్పుడు శాస్త్రజ్ఞులు ఆ పరుగును ఇరవై మీటర్ల ఖండాలుగా కొలిచారు. ఆ ఖండాలకు పట్టిన కాలం వరుసగా 2.89, 1.75, 1.67, 1.61, 1.66 సెకన్లు. మొదటి ఖండం నిలకడ నుండి కదలడం వల్ల దీర్ఘమైనది. నాలుగవ ఖండంలో వేగం శిఖరాన్ని అందుకున్నది. ఐదవ ఖండంలో ఆ మహావేగి కూడా కొంత నెమ్మదించాడు. “చివరలో ఊపందుకొని గెలిచాడు” అని మనం చెప్పుకొనేది చాలావరకు కంటి భ్రమ. ఈ పందెంలో చివర ముందుకు వచ్చేవాడు సాధారణంగా ఇతరులకంటె తక్కువగా నెమ్మదించినవాడే.

800 మీటర్ల పందెంలో శక్తిని పంచుకొనే తీరు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కెన్యా క్రీడాకారుడు డేవిడ్ రుడిషా 1 నిమిషం 40.91 సెకన్లలో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. మొదటి చుట్టు 49.28 సెకన్లు, రెండవ చుట్టు 51.63 సెకన్లు. రెండు చుట్లకు తేడా రెండున్నర సెకన్ల లోపే. మొదటి చుట్టు రెండవదానికంటె కొంచెం వేగంగా ఉండడం ఈ పందెంలో దోషం కాదు. ఆ ‘కొంచెం’ ఎంత అన్నదే ప్రశ్న.

ఒకే కాలం, రెండు వ్యాధులు

ఇప్పుడు మన కళాశాల స్థాయికి వద్దాం. ఇద్దరు విద్యార్థులు 800 మీటర్లను 2 నిమిషాల 16 సెకన్లలో ముగించారని ఊహించుకుందాం. మొదటివాని 200 మీటర్ల కాలాలు 29, 33, 36, 38 సెకన్లు. రెండవవానివి 35, 34, 34, 33. మొత్తం ఇద్దరికీ 136 సెకన్లే. ఫలితాల పట్టికలో వీరిద్దరూ సమానులు. కాని చుట్లు విడదీస్తే మొదటివాడు 62, 74. రెండవవాడు 69, 67.

మరొక అంకె కూడా తెలుసుకోవాలి. ఇద్దరూ వేరొక రోజున 400 మీటర్లు మాత్రమే పూర్తి బలంతో పరుగెత్తితే, మొదటివాడు 58 సెకన్లలోను, రెండవవాడు 64 సెకన్లలోను ముగించారనుకుందాం. మొదటివానికి వేగం ఉన్నది. అతడు తన పూర్తి వేగానికి నాలుగు సెకన్ల దూరంలోనే మొదటి చుట్టు ముగించి, రెండవ చుట్టుకు శక్తి మిగుల్చుకోలేదు. అతనికి కావలసినవి రెండు: నిలకడైన వేగంలో దీర్ఘమైన పరుగులు, గతిని కొలిచి నడిపే అభ్యాసం. 200 మీటర్లను సరిగ్గా 33 సెకన్లలో, నడుమ రెండు మూడు నిమిషాల విశ్రాంతితో, ఐదారుసార్లు పరుగెత్తాలి. ముప్పయ్యవ సెకనులోనే ముగిస్తే అది గొప్పతనం కాదు, తప్పు అని అతనికి చెప్పాలి.

రెండవవాడు గతిని చక్కగా నడిపాడు. చివరి 200 మీటర్లే అన్నింటికంటె వేగంగా ముగించాడంటే కొంత శక్తి మిగిలిపోయిందని అర్థం. అతని లోటు వేగంలో ఉన్నది. 60, 100, 150 మీటర్ల పూర్తివేగపు పరుగులు, ప్రతిదాని తరువాత సంపూర్ణ విశ్రాంతి, మిట్టపైకి చిన్న పరుగులు అతనికి తగినవి. ఇతనిని ప్రతిదినం మైళ్ళకొద్దీ పరుగెత్తిస్తే ఉన్న గుణమే పెరుగుతుంది, లేని గుణం రాదు. ఇద్దరికీ ఒకే మందు ఇచ్చేవాడు వైద్యుడు కానట్లే, ఇద్దరికీ ఒకే సాధన ఇచ్చేవాడు శిక్షకుడు కాడు.

ఈ సూత్రం నేటి కొత్త పోటీలకూ వర్తిస్తుంది. 2017లో జర్మనీలో పుట్టి, 2025లో ముంబయిలోనూ జరిగిన ‘హైరాక్స్’ అనే శరీరదారుఢ్య పందెంలో ఎనిమిది మార్లు ఒక్కొక్క కిలోమీటరు పరుగు, ప్రతి పరుగు తరువాత బరువైన బండిని నెట్టడం, లాగడం, ఇసుక సంచి మోయడం వంటి పని ఒకటి ఉంటాయి. ఇందులో పరుగుల కాలం, పనుల కాలం, నడుమ జాగైన కాలం మూడు పట్టికలుగా రాసుకోవాలి. బండి నెట్టినందువల్ల కలిగిన అలసట బండి దగ్గర కాక, ఆ తరువాతి కిలోమీటరులో బయటపడుతుంది. కనుక నెమ్మదించిన చోటును మాత్రమే చూడక, దానికి ముందేమి జరిగిందో కూడా చూడాలి.

కొన్ని జాగ్రత్తలు

ఒక్క పందెం సాక్ష్యం కాదు. ఎండ, ఎదురుగాలి, మెత్తని నేల, ముందు రాత్రి నిద్ర, తిన్న ఆహారం అన్నీ కాలాన్ని మారుస్తాయి. వీటిని కూడా అంకెల పక్కన రాయాలి. చేతి స్టాప్‌వాచితో తీసిన కాలాన్ని విద్యుత్ యంత్రపు కాలంతో నేరుగా పోల్చరాదు. తుపాకి పొగ చూసి మీట నొక్కే చేయి కొంత ఆలస్యం చేస్తుంది, అందువల్ల చేతి కాలం నిజంకంటె తక్కువగా కనిపిస్తుంది. సాధనలో ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది మేలు చేసిందో తెలియదు. ఒక మార్పు చేసి, ఐదారు వారాలు పాటించి, అదే దూరాన్ని మళ్ళీ కొలవాలి. నొప్పి ఉన్నచోట మాత్రం విశ్లేషణ చాలించి వైద్యుని చూడాలి.

ఇందుకు పెద్ద వ్యయం అక్కరలేదు. మైదానంలో ప్రతి 100 మీటర్లకు ఒక సున్నపు గీత, ఒక స్టాప్‌వాచి, ఒక నోటుపుస్తకం చాలు. పరుగెత్తని మిత్రుడొకడు కాలాలు రాయవచ్చు. గణిత విద్యార్థి వాటిని గ్రాఫుగా గీయవచ్చు. క్రీడాదినోత్సవం నాటి ఫలితాలలో విజేతల పేర్లతో పాటు పాల్గొన్న ప్రతివారి చుట్ల కాలాలనూ భద్రపరిస్తే, మరుసటి సంవత్సరం వచ్చే విద్యార్థికి అదొక పాఠ్యగ్రంథమవుతుంది. ముఖ్యంగా మన విద్యార్థినులకు ఈ లెక్క అవసరం. సాధనకు వారికి దొరికే సమయం తక్కువ. ఆ తక్కువ సమయం అక్కరలేని కసరత్తులో వ్యర్థం కారాదు. కళాశాల కమిటీవారు మైదానంలో వారికంటూ రోజుకొక గంట కేటాయించి, ఆ గంటలో ఏమి చేయాలో అంకెలు చెప్పే ఏర్పాటు చేస్తే అది నిజమైన ప్రోత్సాహమవుతుంది.

ఓటమి పరుగెత్తినవాని గుణం మీద తీర్పు కాదు. అది చదవవలసిన ఒక పుట. ఓడిన విద్యార్థితో “నీకు దమ్ము లేదు” అనడానికి ముందు అతని మూడవ 200 మీటర్ల కాలమెంతో అడుగుదాం. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన నాడు, రేపటి సాధన ఎక్కడ మొదలు పెట్టాలో అతనికే తెలుస్తుంది.